ముసలి చెట్టునకు కత్తి పెట్టక పూర్వము

తేయాకు తోటలలో పనిచేయు కుటుంబములకు కత్తికోత క్రొత్త సంగతి కాదు. కొన్ని యేండ్లకొకసారి పొదలను మోకాలెత్తునకో నడుమెత్తునకో నఱికివేయుదురు. ఆకొక్కటియు లేక వట్టి పుల్లలుగా నిలిచిన యా పొదలు కొన్ని నెలలలో మరల పచ్చగ చిగిర్చి, మునుపటికంటె లేతయైన ఆకు నిచ్చును. తండ్రియు తాతయు చేసిన పనియే గనుక, ఎంత నఱికిన అంత చిగురు వచ్చునను నమ్మకము తోట లైనులలో పుట్టిన పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినట్లుండును. పొద విషయమున ఈ నమ్మకము మంచిదే. గాని ఇంటిముందు నలువది, ఏబది, నూఱు ఏండ్లు నిలిచిన చెట్టు విషయమున, అందును వాన తక్కువయై యెండ మెండైన నేలలో నిలిచిన చెట్టు విషయమున, ఇది చాల చేటు తెచ్చును.

నఱికిన పొద యేల బ్రదుకుచున్నది? దాని వేళ్లలో ఆహారము నిలువ యుండుటచేత బ్రదుకుచున్నది. దక్షిణదేశపు తేయాకు తోటలలో కోతకు పూర్వము వేరుముక్కను కోసి దానిపై అయొడీను ద్రావకము వేసి చూచెడి పద్ధతి కలదు. పిండిపదార్థము సమృద్ధిగ నున్న వేరు నల్లబడును. అట్లు నల్లబడనిచో కోతను ఆపివేయుదురు. అంతేకాక, తేయాకు కొండలమీద వానలు విస్తారము. పొదను చిన్ననాటినుండియు కత్తితో పెంచినారు గనుక దాని కొమ్మలలో ముదురు చేవ తక్కువ. ముసలి చెట్టు సంగతి వేఱు. దాని బోదె పెద్దది, కొమ్మలు పెద్దవి, పోషింపవలసిన శరీరము పెద్దది. ఆకు మాత్రము నానాటికి తక్కువ. వచ్చిన ఆదాయమంతయు ఆ పూట ఖర్చునకే సరిపోవు సంసారము వంటిది. అట్టి సంసారమునుండి సగము ఆదాయమును ఒక్కదినమున తీసివేసినచో ఏమి యగునో అదియే ఆ చెట్టున కగును.

ఈ సంగతి ఇప్పుడు చెప్పవలసి వచ్చుటకు కారణము కలదు. కడపసీమలోని రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతములనుండియు, గోదావరి జిల్లాలనుండియు అనేక కుటుంబములవారు ఎన్నో ఏండ్లుగా కువైటు దేశమునకు పనికై పోవుచున్నారు. వారిలో ఇండ్ల తోటలలోను, వఫ్రా, అబ్దలీ మొదలైన చోట్ల వ్యవసాయక్షేత్రములలోను కుదిరినవారు కలరు. అక్కడ యజమానుని ప్రాంగణములోని చెట్టు వీరి చేతిలో నుండును. ఇక్కడ పాలకొండల క్రింద, శేషాచలపు కొండల క్రింద విడిచివచ్చిన వేపయు చింతయు ముసలి తల్లిదండ్రుల చేతిలో నుండును. రెండుచోట్లను ఎండయే ప్రభువు. ఒకచోట నేర్చిన మెలకువ రెండవచోట పనికివచ్చును.

కువైటులో కొండలు లేవని చాలమంది యనుకొందురు. కువైటు అఖాతపు ఉత్తరపు గట్టున జాల్ అజ్జోర్ అను మిట్టల వరుస యున్నది. దాని ఎత్తు సుమారు 145 మీటర్లకు మించదు. అయినను చదునైన ఆ దేశములో అది కొండవంటిదే. అఖాతమునకు పడమటి కొసను జహ్రా పట్టణమున్నది. ఇప్పుడది పెద్ద ఊరు. పూర్వము బావులకును ఖర్జూరపు తోటలకును పేరుపొందిన పల్లె. 1920వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన అక్కడ జరిగిన యుద్ధమున కువైటువారు ఎఱ్ఱకోట యనబడు మట్టికోటలోనికి పోయి తలదాచుకొనిరి. బావులున్నందుననే ఆ స్థలమునకు అంత విలువ. దేశమంతటను సంవత్సరమునకు కురియు వాన సుమారు 110 మిల్లీమీటర్లు మాత్రమే. కడపసీమకు సుమారు 700 మిల్లీమీటర్లు. కరవుసీమ యని పేరుపడిన కడపలో కురియునదానిలో ఆఱవ పాలైనను అక్కడ లేదన్నమాట. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. 2016 జూలై 21వ తేదీన వాయవ్యభాగమున నున్న మిత్రిబా అను చోట 53.9 డిగ్రీల వేడి నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థవారు 2019లో దీనిని పరీక్షించి ఒప్పుకొనిరి.

అట్టి యెండలో ముసలి చెట్టుగా నిలిచినవి కొన్ని జాతులే. మొదటిది ఖర్జూరము. రెండవది సిద్ర్ అను రేగుజాతి మ్రాను. దాని పండ్లను అక్కడివారు కనార్ అందురు. రుచియు రూపమును తెలుగువారి రేగుపండునకు దగ్గఱ చుట్టములు. మూడవది అథల్ అను సన్నని సూదులవంటి ఆకులు గల చెట్టు. ఇసుకగాలిని ఆపుటకై దీనిని తోటల చుట్టును వరుసలుగ నాటిరి. దీని ఆకునుండి ఉప్పు రాలును గనుక క్రింద మరియేదియు బాగుగ మొలవదు. ఇక ఎడారిలో తనంతట మొలచిన తుమ్మజాతి చెట్టు, తల్హా యనబడునది, ఒక్కటే మిగిలెనని అక్కడివారు చెప్పుకొందురు. జాల్ అజ్జోర్ ప్రాంతమున ప్రభుత్వము రక్షించుచున్న భూమిలో అది యున్నది. వంటచెఱకునకై కొట్టుటయు, మందలను మేపుటయు ఎడారిచెట్లకు ఏమి చేసినవో ఆ ఒంటరి చెట్టే సాక్ష్యము.

ఇవికాక కోనోకార్పస్ అను చెట్టును అక్కడ గోడలవెంబడి విరివిగ నాటిరి. ఇది ఎట్లు కొట్టినను పెరుగును. గాని దీని వేళ్లు నీటిగొట్టములలోనికిని మురుగుకాలువలలోనికిని చొరబడుననియే అక్కడను ఇక్కడను ఫిర్యాదు. గుజరాతు ప్రభుత్వము దీనిని నాటకూడదని 2023లో ఉత్తరువు చేసెను. నెలనెల ఈ చెట్టును గొఱిగి అలవాటుపడిన చేయి, అదే కత్తితో ప్రక్కనున్న సిద్రు మ్రానుపైకి పోవుటయే ఆపద.

ఎండదేశమున నిండుచెట్టును మోడుచేసినప్పుడు జరుగు మొదటి కీడు ఆకలి కాదు, కాలుట. ఎన్నో యేండ్లు నీడలో నున్న బెరడు పలుచన. తలమీది గొడుగు తీసివేయగానే మధ్యాహ్నపు ఎండ నైరుతి ప్రక్కనుండి సూటిగ తగులును. బెరడు క్రింది జీవపు పొర ఉడికిపోవును. వెంటనే ఏమియు కనబడదు. ఆఱునెలలకో సంవత్సరమునకో ఆ ప్రక్క బెరడు పగిలి, పెళ్లలుగా ఊడి, లోపలి కట్టె బయటపడును. ఆ పగులులోనుండి తొలిచెడు పురుగును, తేమ తగిలినచోట బూజును ప్రవేశించును. అప్పుడు ఇంటివారు, చెట్టునకు రోగము వచ్చినదని మందు వెదకుదురు. రోగము కత్తితో వచ్చినదని వారికి తోచదు. పెద్దకొమ్మ తీయక తప్పనిచోట, ఎండ పడబోవు ప్రక్క బోదెకును కొమ్మలకును పలుచని సున్నపునీరు పూయవలెను. తెలుపు వేడిని త్రిప్పికొట్టును. పల్లెలలో చెట్లకు సున్నమును ఎఱ్ఱమన్నును పూసెడి ఆచారము అలంకారమునకే యని నవ్వెడివారు ఈ ఉపయోగమును గుర్తింపలేదు.

ఇక కోయవలసినది ఏది? ముందుగ ఎండిన కొమ్మ. దానిని ఏ కాలమందైనను తీయవచ్చును. అది చెట్టునకు ఆహార మీయదు, క్రిందనున్న పిల్లవాని తలకు మాత్రము ఆపద. తరువాత విఱిగి వ్రేలాడునది. తరువాత ఒకదానితో నొకటి రాసుకొని బెరడు పోగొట్టుకొనుచున్న రెండు కొమ్మలలో ఒకటి. ఇంటికప్పుమీద భారముగ వాలిన కొమ్మను మొదలంట తీయక, దానినుండి పుట్టిన ప్రక్కకొమ్మవఱకు వెనుకకు తగ్గింపవలెను. ఆ ప్రక్కకొమ్మ లావు, కోసెడి కొమ్మ లావులో మూడవ వంతుకు తక్కువ కాకూడదు. తక్కువైనచో ఆ చివర ఎండిపోవును. పచ్చని ఆకు విషయమున, పడుచు చెట్టునకు నాలుగింట ఒక పాలు తీయుటయే మిక్కిలి. ముసలి చెట్టునకు ఒక యేడు పదింట ఒక పాలు చాలును. భారమెక్కువైనచో మూడు నాలుగేండ్లు పంచుకొని తగ్గింపవలెను. కూలిమనిషిని మరల మరల పిలువవలసి వచ్చునే యని ఒక్కమాఱే కొట్టించుట కలదు. అది చవుకబేరము కాదు. మోడునుండి గుంపులుగ లేచిన చిగుళ్లు బెరడునకు మాత్రమే అంటుకొని యుండును. అవి లావెక్కిన పిమ్మట గాలివానకు మొదట విఱిగిపడునవి అవియే.

కోయు స్థలము మిక్కిలి ముఖ్యము. కొమ్మ బోదెనుండి పుట్టుచోట మణికట్టువలె కొంచెము ఉబ్బి ముడుతలు పడియుండును. దానిని కొమ్మమెడ యనవచ్చును. పూర్వము పనివారు బోదెతో సమముగ నున్నగ చెక్కివేయుట నేర్పరితనమని తలచిరి. అమెరికా దేశపు అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను ఱంపముతో నిలువున కోయించి లోపలి గాయములను పరిశీలించెను. మనుష్యుని చర్మమువలె చెట్టు గాయము మానదనియు, చెడినభాగము చుట్టును లోపల గోడలు కట్టి దానిని వేఱుచేయుననియు 1977లో ఆయన ప్రకటించిన పుస్తకమున చెప్పెను. ఆ గోడలలో బలమైనది కొమ్మమెడలో పుట్టును. కాబట్టి మెడను బోదెకు విడిచి దాని వెలుపల కోయవలెను. మెడను చెక్కివేసినవాడు కోటతలుపును ఊడదీసినవాడు. అట్లని జానెడు ముక్క మిగిల్చి కోయుటయు తప్పే; ఆ ముక్క కుళ్లి, కుళ్లు లోనికి దిగును.

బరువైన కొమ్మకు మూడు కోతలు. బోదెకు మూరెడు దూరమున ముందు క్రిందినుండి మూడవ వంతు లోతు కోయవలెను. రెండవది, దానికి కొంచెము వెలుపల, పైనుండి. అప్పుడు కొమ్మ తనబరువుతో విఱుగును గాని బోదె బెరడును చీల్చుకొని పోదు. మూడవ కోత మిగిలిన ముక్కను కొమ్మమెడ వెలుపల తీసివేయుటకు. గొడ్డలితో ఈ పని చక్కగ కాదు, ఱంపమే కావలెను. గాయమునకు తారుగాని రంగుగాని పేడగాని పూయనక్కరలేదు. ఆ పూతలు కుళ్లును ఆపవనియు, ఒక్కొక్కప్పుడు తడిని లోపల పట్టియుంచి పెంచుననియు షైగో మొదలగువారి పరిశోధనలవలన తేలినది. తొఱ్ఱలో సిమెంటు నింపుటయు అట్టిదే. చెట్టు గాలికి ఊగును, సిమెంటు ఊగదు; రెంటి నడుమ ఒరసికొని క్రొత్త గాయమగును.

ఖర్జూరమునకు పై మాటలలో చాలభాగము వర్తింపవు. అది తాటికిని కొబ్బరికిని చుట్టము. దాని బోదెకు గాయమైనచో క్రొత్త బెరడు క్రమ్మదు. తలలోని మొవ్వ ఒక్కటే దానికి ప్రాణస్థానము. కాబట్టి బోదెమీద మెట్లు చెక్కుట, మేకులు కొట్టుట శాశ్వతమైన గాయములు. పూర్తిగ ఎండి వ్రేలాడు మట్టలను మాత్రము తీయవలెను. అందముకొఱకు పచ్చమట్టలను కూడ కొట్టి నెత్తిన పిలకవలె నాలుగు మట్టలు నిలుపుట పట్టణములలో కనబడుచున్నది. ఒక గెలను పోషించుటకు ఎనిమిది తొమ్మిది పచ్చమట్టలు కావలెనని తోటవారి లెక్క. మట్టలు తీసినవాడు పండ్లను తీసినట్లే.

ఖర్జూరపు కోతకు మరియొక భయము కలదు. ఎఱ్ఱముక్కు పురుగనగా గోదావరి కొబ్బరితోటలవారికి తెలియనిది కాదు. దక్షిణాసియాకు చెందిన ఆ పురుగు 1980వ దశకము నడుమ గల్ఫు తీరమునకు చేరి, అక్కడి ఖర్జూరములకు పెద్ద శత్రువైనది. పచ్చిగాయము వాసనకు అది వచ్చి గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు బోదె లోపల తొలిచి గుల్లచేయును. బోదెనుండి గోధుమరంగు జిగురు కారుట, పులిసిన వాసన, నమిలిన పీచు బయటపడుట దీని గుర్తులు. కనుక మట్టలను పురుగు సంచారము తక్కువగ నుండు చలికాలమున తీయుట మేలు. పిలకలను వేఱుచేసిన గాయముమీద మాత్రము పురుగుమందు వేసి మన్ను కప్పవలెను. ఇతర చెట్ల గాయములకు పూత వద్దనిన మాటకు ఇది విరోధముకాదు. ఇది మానుటకు కాదు, పురుగును ఆపుటకు. మోకు కట్టి తాళ్లెక్కిన కుటుంబములవారు ఖర్జూరము సులభమనుకొని ఎక్కుదురు. దాని మట్టమొదట జానెడు ముండ్లున్నవి. వానిని ముందు తీసికొనుచు ఎక్కవలెను.

ఇంతవఱకు కత్తిని గూర్చి చెప్పబడినది. ముసలి చెట్టునకు కత్తికంటె నీరు ముఖ్యము.

కువైటులో నది లేదు. పూర్వము షత్తల్ అరబ్ నదినుండి పడవలమీద త్రాగునీరు తెచ్చి అమ్మెడివారు. సముద్రపునీటిని బట్టీపట్టి మంచినీరుచేయు పెద్ద యంత్రాగారమును 1953లో షువైఖులో నెలకొల్పిరి. ఇండ్లకు మంచినీటి గొట్టముతోపాటు చెట్లకును కడుగుడునకును భూమిలోనుండి తోడిన ఉప్పన నీటికి వేఱొక గొట్టమును కలదు. ఆ నీటిలో లీటరుకు కొన్ని గ్రాముల ఉప్పుండును. దినదినము సాయంకాలము గొట్టము పట్టుకొని మొదట కొంచెము తడిపి పోవు తోటపనివాడు, చెట్టునకు నీరు పోయుటలేదు, ఉప్పు పెట్టుచున్నాడు. నీరు ఆవిరియై పోవును. ఉప్పు పైమంటిలో నిలుచును. మంటిమీద తెల్లని పొర, ఆకుల కొనలును అంచులును మాడుట దానికి గుర్తు. ఆకులమీద ఆ నీరు చల్లుట మరియు చెఱుపు.

సరియైన పద్ధతి యేమనగా, తక్కువసార్లు, లోతుగ పోయుట. చెట్టు నీటిని త్రాగు సన్నవేళ్లు బోదెదగ్గఱ లేవు; కొమ్మల గొడుగు అంచు క్రిందను దానికి ఆవలను, రెండు మూడడుగుల లోతులోపల నున్నవి. కాబట్టి పాదు ఆ అంచునొద్ద చుట్టును కట్టవలెను. బోదె మొదలు పొడిగ నుండవలెను; అక్కడ మన్ను ఎగదోసి కుప్పచేసినచో బెరడు కుళ్లును, చెదలు పట్టును. నీరు పెట్టిన మఱునాడు సన్నని ఇనుపకమ్మీని గ్రుచ్చిచూచినచో తడి యెంతవఱకు దిగినదో తెలియును. తడిలో కమ్మీ సులభముగ దిగును, పొడి తగిలినచోట ఆగును. రెండడుగులు దిగనిచో ఆ నీరు చాలలేదు. చలికాలమున ఒకటి రెండుసార్లు నిండుగ నీరు పెట్టినయెడల నిలిచిన ఉప్పు వేళ్లక్రిందికి కొట్టుకొనిపోవును. ఎండుటాకును ఊడ్చి తగులబెట్టక నాలుగంగుళముల మందమున పాదులో పఱచి, బోదెకు జానెడు దూరము విడువవలెను.

లోతుగ నీరు పెట్టుట దుబారా యని కొందఱందురు. 1990వ సంవత్సరమును జ్ఞాపకము చేసికొనవలెను. ఆ యేడు ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. ఆ తరువాతి నెలలలో లక్షకు పైబడిన భారతీయులు తమ సొమ్మును సామానును విడిచి, జోర్డాను దేశపు అమ్మాను పట్టణము చేరి, అక్కడనుండి ఎయిర్ ఇండియా విమానములలో స్వదేశమునకు వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. ఆక్రమణము 1991 ఫిబ్రవరి చివరవఱకు సాగినది. నీరు పెట్టు చేతులు పోయిన తోటలకు ఏమి జరుగునో ఎవరైనను ఊహింపవచ్చును. దినదినము చెంబెడు నీటికి అలవాటుపడిన చెట్టు వేళ్లను పైకే పెంచుకొనును. నీరు తప్పిన పదునైదు దినములకే వడలును. లోతుగ త్రాగుట నేర్చిన చెట్టు మనిషిలేని వేసవి నొకదానిని గడపుకొనగలదు.

ఈ మాట కొండక్రింది పల్లెలలోని ఇండ్లకు అంతకంటె ఎక్కువగ వర్తించును. అక్కడ యువకులు విదేశమున నుందురు. ముసలివారు బావినుండి తోడి పోయలేరు. గాని ఆ నేలకు కువైటునకు లేని భాగ్యమొకటి కలదు. వానపడినప్పుడు కొండవాలునుండి నీరు ఇంటిమీదుగ పాఱిపోవును. చెట్టునకు పల్లపు ప్రక్కను అర్ధచంద్రాకారముగ రాళ్లతోను మొరపమంటితోను మోకాలిలోతు కట్ట వేసినయెడల ఆ నీరు నిలిచి ఇంకును. ఒక మనిషికి రెండుదినముల పని. సెలవుమీద వచ్చినవాడు చేసి పోవచ్చును.

సెలవుమీద వచ్చినవారు చేయుచున్నది మాత్రము చాలచోట్ల వేఱుగ నున్నది. గల్ఫు సంపాదనతో మేడ కట్టి, ముంగిలి దుమ్ము లేకుండ బోదెవఱకు సిమెంటు పోయించుచున్నారు. ప్రహరీగోడ పునాదికై ఒక ప్రక్క వేళ్లన్నియు గునపముతో తెగగొట్టించుచున్నారు. కొమ్మకోత కంటికి కనబడును. వేరుకోత కనబడదు. మూడు నాలుగేండ్ల తరువాత చెట్టు ఒకవైపు ఎండినప్పుడు గాని, తుపానుకు గోడవైపున కాక ఇంటివైపున కూలినప్పుడు గాని కారణము ఎవరికిని గుర్తుండదు. సిమెంటును గొడుగు అంచువఱకు మానుటయో, కనీసము రాతిపలకలను సందులు విడిచి పఱచుటయో మంచిది. గోడను వేరున్నచోట పునాది త్రవ్వక, రెండు స్తంభములమీద దూలము వేసి దాటింపవచ్చును. మేస్త్రీ వద్దనును, అయినను పట్టుపట్టవలెను.

వేపచెట్టును గూర్చి ఒకమాట. 2021 వర్షాకాలము తరువాత తెలంగాణములో అనేక గ్రామములలో వేపచెట్లు కొనలనుండి మాడి, నిప్పంటుకొన్నట్లు గోధుమరంగునకు తిరిగినవి. ఆంధ్రదేశమునను కొన్నిచోట్ల ఇట్లే జరిగెను. జనులు భయపడిరి; కొందఱు శకునమనిరి. ఫోమోప్సిస్ అను బూజుతెగులు దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. తేయాకు దోమ యనబడు పురుగు లేతరెమ్మల రసము పీల్చుటయు దీనికి తోడైనది. ఆ దోమ తేయాకు చిగుళ్లను నల్లపొక్కులుగా చేయుట తోటలలోనివారు ఎఱిగినదే. అట్లు మాడిన వేపలలో చాలభాగము తరువాతి ఋతువున మరల చిగిర్చినవి. చచ్చినవని తొందరపడి కొట్టించినవారికి మాత్రము చెట్టు లేకపోయినది. రెమ్మ ఎండినదా బ్రదికియున్నదా యని తెలిసికొనుటకు గోటితో బెరడు గీరిచూచిన చాలును. లోపల పచ్చదనము, తడి యున్నచో ప్రాణమున్నది. ఉగాది చిగురు వచ్చి పోవువఱకు వేచిచూడక వేపపై గొడ్డలి వేయరాదు. చింతకు కాయ దులిపిన తరువాత, మామిడికి కాపు ముగిసి వానలు పడునప్పుడు ఎండుకొమ్మలు తీయుట ఆచారము. నడివేసవిలో పచ్చకొమ్మ ఏ చెట్టునకును కోయరాదు. కువైటులో సిద్రును, ఇతర చెట్లను జనవరి, ఫిబ్రవరి నెలలలో చూచుకొనుట మంచిది. పక్షిగూడున్న కొమ్మను పిల్లలు ఎగిరిపోవువఱకు ముట్టరాదు.

కోయుమని చెప్పువాడు క్రింద నుండును, కోయువాడు పైనుండును; ప్రమాదము పైవానిదే. కువైటులో జూన్ 1 మొదలు ఆగస్టు 31 వఱకు పగలు పదునొకండు గంటలనుండి నాలుగు గంటలవఱకు ఆరుబయట పనిచేయింపరాదని ప్రభుత్వపు ఉత్తరువు 2015నుండి కలదు. ఇంటిపనికి కుదిరినవారు దీనిని ఎఱుగక మిట్టమధ్యాహ్నము నిచ్చెన వేయుచున్నారు. ఎండలో తల తిరిగినవానికి నిచ్చెనమీద రెండవ అవకాశము లేదు. యంత్రపు ఱంపమును నిచ్చెనమీద నిలిచి భుజముకంటె ఎత్తున ఎన్నడును పట్టరాదు. కరెంటుతీగ తగులు కొమ్మను ఆ శాఖవారికే విడువవలెను. యజమానుడు తొందరపెట్టినచో, పెద్దకొమ్మలకు ఆ పనివారిని పిలిపింపుడని మర్యాదగ చెప్పుట పిఱికితనము కాదు. గోడవెలుపలి చెట్టును, ఎడారిలోని మొక్కను అనుమతిలేక ముట్టరాదు. 2014వ సంవత్సరపు 42వ నంబరు పర్యావరణ చట్టమున శిక్షలున్నవి. ఆ శిక్ష యజమానునికి కాక కొట్టినవానికే తగులుకొనవచ్చును.

కొన్ని చెట్లను కొట్టక తప్పదు. తొఱ్ఱ యుండుట మాత్రమే కారణము కాదు. చుట్టును గట్టికట్టె తగినంత మందమున నిలిచియున్న తొఱ్ఱచెట్టు ఎన్నో యేండ్లు బ్రదుకును. గాని వాలని చెట్టు క్రొత్తగ వాలుట, వాలిన దిక్కునకు ఎదుటిప్రక్క మొదట నేల పగిలి లేచుట, బోదె మొదట గట్టి పుట్టగొడుగులు అట్టలుగా పుట్టుట, ఈ మూటిలో ఏదైనను కనబడి, దాని నీడలో మనుష్యులు పరుండువారైనచో ఆలస్యము చేయరాదు. ఆ రాత్రినుండియే మంచములు ఆవలకు మార్చవలెను. తెలుగునాట 2002వ సంవత్సరపు వాల్టా చట్టమును బట్టి చెట్టు కొట్టుటకు అధికారుల అనుమతి కావలెను గనుక అర్జీ ముందే పెట్టుకొనవలెను. చింతమొద్దు రోలుకును రోకలికిని, వేపకట్టె ద్వారబంధములకును పనికివచ్చును. వంటచెఱకు క్రింద అమ్మివేయుట నష్టము. కూలబోవు చెట్టు స్థానమున మరియొకటి కావలెనన్నచో, దాని వేరుగుంతలో నాటక, పాత గొడుగు అంచునకు ఆవల, చెట్టు ఇంకను నిలిచియున్నప్పుడే, పదియేండ్లు ముందుగ నాటుట మేలు. తొలివేసవులలో పసిమొక్కకు కావలసిన సాయంకాలపు నీడను ఆ ముసలి చెట్టే ఇచ్చును.